సగం పనికే మళ్లీ డబ్బు అడుగుతుంటే

బాత్రూమ్ పని సగంలో ఉండగానే కాంట్రాక్టర్ ఇంకో విడత అడుగుతున్నారని, ఇవ్వకపోతే పని ఆపేస్తారేమోనని టెన్షన్ పడుతున్నారు కదా. ఇప్పుడే ఇవ్వకండి. ఇద్దరూ కలిసి అయిన పని కొలిచి, ఫోటోలు తీసి, మిగిలింది ఏమిటో కాగితం మీద రాసి సంతకాలు పెట్టుకోండి. ఇకపై పూర్తయిన పనిని బట్టే చెల్లింపు. సామాను కోసమే అంటే షాపుకి మీరే నేరుగా కట్టండి.

వాటర్‌ప్రూఫింగ్ దగ్గర మాత్రం అస్సలు తొందరపడొద్దు. అది పూర్తిగా ఆరాక, టైల్స్ వేయకముందే, డ్రెయిన్ మూసి కనీసం 24 గంటలు నీళ్లు నిలబెట్టించండి. కింద శ్లాబులో, పక్క గోడల్లో చెమ్మ లేకపోతేనే ఆ విడత ఇవ్వండి. టైల్స్ పడ్డాక లీకేజీ బయటపడితే మళ్లీ అంతా పగలగొట్టాల్సిందే!

చివరి 10 శాతం డబ్బు మాత్రం, లోపాలు సరిచేశాకే ఇస్తానని ఆ కాగితంలోనే రాయించండి. ఒప్పుకోకపోతే, వేరేవాళ్లను పెట్టుకునే ముందు పాత ఒప్పందం రద్దు చేస్తున్నట్టు ఆయనకు రాతపూర్వకంగా తెలియజేయండి.