కిటికీ ఏసీలో బూజు: మేనకోడలికి మావయ్య ఉత్తరం

అమ్మలూ,

నువ్వు పంపిన ఫోటో పెద్దది చేసి చూశాను. మసి అనుకుంటున్నావు గానీ అది మసి కాదమ్మా, బూజు. గాలి బయటికొచ్చే రెక్కల సందుల్లోంచి టార్చి వేస్తే లోపల పంజరంలాంటి గుండ్రటి చక్రం కనపడుతుంది చూడు, దాన్ని బ్లోయర్ అంటారు, నల్ల చుక్కలన్నీ దాని మీదే ఉన్నాయి. ఫిల్టర్ నెలకోసారి కడుగుతున్నానన్నావు, మంచిదే, కానీ ఆ ముక్కిన వాసన ఫిల్టర్‌ది కాదు. తడి అంతా దాని వెనకాల ఉంది.

పోయిన నెల వచ్చిన కుర్రాడు ఫిల్టర్ దులిపి, ముందు డబ్బా తుడిచి, ఏదో సెంటు కొట్టి ఐదొందలు పట్టుకెళ్లాడన్నావు. వాణ్ణి తిట్టి లాభం లేదు. ఏసీని కిటికీలోంచి తీసి కింద పెట్టి కడగాలంటే ఇద్దరు మనుషులు కావాలి, సగం పూట పోతుంది, ఆ డబ్బుకి ఎవడూ చెయ్యడు. నేను ఏసీ రిపేరు కొట్లో పనిచేసిన రోజుల్లో నేనూ అలాంటి సర్వీసింగులు చేశాను, ఇప్పుడు ఒప్పుకోడానికేం. కానీ ఏసీ వేసిన పది నిమిషాలకే పిల్లాడు తుమ్ముతున్నాడంటే ఊరుకునే సంగతి కాదు. శుభ్రం చేసేదాకా దాన్ని వేయకు. ఉత్తి ఫ్యాన్ మీద కూడా వద్దు, ఆ చక్రం తిరిగితేనే కదా బూజు పొడి గదిలోకి చిమ్మేది.

ఎందుకు పట్టిందో తెలియకుండా కడిగితే రెండు నెలలు తిరక్కుండా మళ్లీ ఇదే ఫోటో పంపుతావు. చల్లటి మజ్జిగ గ్లాసు బయట చెమట పడుతుంది కదా, ఏసీలో కూలింగ్ కాయిల్‌కీ, అంటే గాలిని చల్లబరిచే గొట్టాల చుట్టకీ, అలాగే పడుతుంది. ఆ నీళ్లు కింద ట్రేలోకి జారి, అక్కణ్ణుంచి వెనక్కి పోయి బయట పడాలి. పోకుండా లోపల నిలిచిందనుకో, దానికి గదిలోని దుమ్ము, బట్టల నూగు తోడవుతాయి, పైగా లోపల చీకటి. బూజుకి ఇంకేం కావాలి? మనవి సముద్రం పక్క జిల్లాలు, నువ్వేమో నాగావళి గట్టు దగ్గర ఇల్లు తీసుకున్నావు, వానాకాలంలో ఉప్పు డబ్బాయే నీరు కారిపోతుంటే ఏసీ సంగతి చెప్పేదేముంది.

అందుకని స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఏసీ వాలు చూడు. వెనక వైపు, అంటే వీధి వైపు, అరంగుళం కిందికి వాలి ఉండాలి. తాపీ మేస్త్రి దగ్గర రసమట్టం దొరికితే ఏసీ మీద పెట్టు, లేకపోతే సగం నీళ్లున్న బాటిల్‌ని పడుకోబెట్టు, నీళ్లు ఎటు సర్దుకుంటాయో తెలిసిపోతుంది. సమానంగా ఉన్నా, గదిలోకి వాలినా నీ రోగం అక్కడే ఉంది. చాలా ఇళ్లలో కిటికీ చెక్క ఉబ్బి వెనక వైపు లేచిపోతుంది, పెట్టినప్పుడు బాగానే ఉంటుంది, నాలుగు వానాకాలాలయ్యాక చూస్తే తలకిందులు. ఏసీ మీ ఓనరుది అన్నావు కాబట్టి ఈ వాలు సరిచేసే ఖర్చు ఆయన్నే పెట్టుకోమను, మొహమాటపడకు.

తిత్లీ తుపాను వచ్చింది చూడు, 2018 అక్టోబర్ 11న, పలాస వైపు తీరం దాటింది. తర్వాత కరెంటు లేక ఇళ్లన్నీ మూతబడి ఉన్నాయి. కరెంటు వచ్చాక ఆ వైపు పని మీద వెళ్లాను. లోపల తడి ఉండగా ఆగిపోయిన ఏసీలు తీస్తే, అమ్మలూ, బ్లోయర్ మీద నల్లటి బొచ్చు మొలిచినట్టుంది. నిన్నటిదాకా బాగా పనిచేసిన ఏసీలే అవన్నీ. తడిగా మూసేసి వదిలేస్తే వారం పది రోజులు చాలు దానికి.

ఇక పని. ఎండ బాగా కాసిన రోజు పొద్దున్నే మొదలుపెట్టు, మబ్బు పట్టిన రోజు వద్దు, ఆరదు. పిల్లాణ్ణి పక్క వీధిలో మీ అత్తగారింటికి పంపించెయ్. నీకు చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది, ఇప్పటికీ చలికాలంలో పిల్లికూతలు వస్తున్నాయంటే నువ్వు ఆ గదిలో అడుగుపెట్టకు, ఈ ఉత్తరం మీ ఆయనకి చదివి వినిపించు. మంచం మీద పరుపు తీసెయ్యండి, నేల మీద పాత దుప్పటి పరవండి, కిటికీలూ తలుపులూ తెరవండి. చేతికి తొడుగులు, కళ్లకి అద్దాలు, ముక్కుకి ఎన్95 మాస్కు. రుమాలు కట్టుకుంటే సరిపోదా అని అడుగుతాడు మీ ఆయన, సరిపోదు.

స్విచ్ ఆపడం కాదు, ప్లగ్గు పీకండి, పైన బోర్డులో ఎంసీబీ, అంటే ఆ లైనుకి కరెంటు ఆపే మీట, అదీ దించండి. ఇంకో మాట. కరెంటు తీసేసినా లోపల కెపాసిటర్ అని స్తంభంలాంటి డబ్బా ఉంటుంది, దాన్లో కరెంటు దాచుకుని ఉంటుంది. నాకు ఇరవై రెండేళ్లప్పుడు ప్లగ్గు పీకేశానన్న ధైర్యంతో అక్కడ వేలు పెట్టాను, మోచెయ్యి దాకా జివ్వుమని స్టూలు మీంచి పడ్డాను. బటన్లు ఉన్న పక్కనే ఆ కెపాసిటర్ ఉండే పెట్టె ఉంటుంది. దాని మూత తీయొద్దు, పైన ప్లాస్టిక్ కవర్ కప్పి టేపు వేసెయ్యండి, నీళ్లు పడకూడదు.

ఏసీ ముందు వైపు డబ్బా తీసే ముందు ఫోన్‌లో ఫోటోలు తీసుకోండి, ఒక్కో స్క్రూ దగ్గర ఒకటి. కాయిల్‌కి చిన్న వైరు ఒకటి క్లిప్పుతో తగిలించి ఉంటుంది, చల్లదనం కనిపెట్టేది అదే, లాగేస్తే ఏసీ ఆగాల్సినప్పుడు ఆగదు. ఫిల్టర్‌ని సబ్బునీళ్లలో నానబెట్టి కడిగి నీడన ఆరెయ్యండి, వేడినీళ్లు పోస్తే వంకర తిరుగుతుంది. నెల్లిమర్లలో జూట్ మిల్లు పక్క ఇళ్లకి వెళ్తే ఫిల్టర్ మీద గోగునార నూగు కంబళిలా పేరుకుని ఉండేది, నీ ఇంట్లో ఆ బాధ లేదు, ఐదు నిమిషాల పని.

కాయిల్ మీద మాత్రం నిదానం కావాలి. అల్యూమినియం రేకులు అవి, వేలు గట్టిగా తగిలినా వంగిపోతాయి. లీటరు గోరువెచ్చని నీళ్లలో చెంచాడు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, మొక్కలకి కొట్టే చేతి పంపుతో బాగా తడిసేలా కొట్టండి. పొడి బూజుని బ్రష్షుతో గీకకూడదు, ముందు తడపాలి, లేకపోతే ఇల్లంతా ఎగురుతుంది. పావుగంట ఆగి మెత్తటి బ్రష్షుతో పైనుంచి కిందికి, రేకులు నిలువుగా ఉన్న దారినే. అడ్డంగా ఒక్కసారి కూడా వద్దు. తర్వాత మంచినీళ్లు కొట్టండి, ఆ నీళ్లు వాటంతటవే ట్రేలోకి దిగుతాయి. బండ్లు కడిగే పెద్ద పంపు పెడదామనే ఆలోచన రానివ్వకండి, నేనొకసారి తొందరపడి పెట్టి ఒక కాయిల్ సగం చదును చేసేశాను, రేకులు ఒక్కొక్కటీ లేపడానికి రెండు రోజులు కూర్చున్నాను. మీ అమ్మమ్మ కుంకుడు రసం వాడమనేది, అదీ చూశాను, ఆ పిప్పి సందుల్లో ఇరుక్కుంటుంది.

బ్లోయరే అసలు కష్టం. రెక్కలు లోపలికి వంగి ఉంటాయి కాబట్టి మురికి గుంటల్లో కూర్చుంటుంది. పాలసీసా కడిగే సన్నటి బ్రష్షు తెచ్చుకుని, గాలి వచ్చే దారిలోంచి పెట్టి, చేత్తో చక్రాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ ఒక్కో రెక్కా తోమాలి. మెడికల్ షాపులో 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ దొరుకుతుంది, రెక్కల మీద కొట్టి పది నిమిషాలు వదిలి, తడిగుడ్డ చుట్టిన బ్రష్షుతో తుడవండి. ఒక్కసారికి పోదు, రెండోసారి, మూడోసారి. మొదటి అరగంటకే విసుగొచ్చి కనపడే వైపు మాత్రం తుడిచి మూసేద్దామనిపిస్తుంది, అందరం అక్కడే మోసపోతాం, వెనకాల సగం చక్రం అలాగే ఉండిపోతుంది. ఒక రెక్కకి స్కెచ్ పెన్నుతో గీత పెట్టుకోండి, చుట్టు పూర్తయిందో లేదో తెలుస్తుంది.

చక్రం చుట్టూ తెల్లటి థర్మోకోల్ ఉంటుంది. దాన్ని గీకొద్దు, పెట్రోలు తగలనివ్వద్దు, కరిగిపోతుంది. పెరాక్సైడ్‌తో తుడిస్తే పైది పోతుంది, మరక ఉండిపోయినా ఫరవాలేదు, వాసన ఉండిపోతే మాత్రం ఆ ముక్క మార్పించాల్సిందే.

బ్లీచింగ్ సంగతి అడిగావు. రేకుల మీదా రాగి గొట్టాల మీదా వద్దు, తినేస్తుంది. అంతకంటే పెద్ద మాట, బ్లీచింగ్‌నీ బాత్రూం యాసిడ్‌నీ ఎప్పుడూ కలపకు, వెనిగర్‌తోనూ కలపకు, విషపు గాలి పుడుతుంది. విజయనగరంలో ఒకింట్లో రెండూ కలిపితే రెట్టింపు శుభ్రం అనుకుని కలిపేశారు, నేను గుమ్మంలోకి వెళ్లేసరికి గొంతు పట్టేసింది, ఇంట్లోవాళ్లు వీధిలో కూర్చుని దగ్గుతున్నారు. పెరాక్సైడ్‌లో వెనిగర్ కలపడం కూడా వద్దు. ఏదో ఒకటే, మధ్యలో మంచినీళ్లతో కడిగి.

చివరికి ట్రే. జిగురుగా నాచు పట్టి ఉంటుంది, గుడ్డతో తీసెయ్యండి. నీళ్లు పోయే కన్నం చీపురుపుల్లతో పొడవండి, మా రోజుల్లోనూ అదే పనిముట్టు. ముందు భాగంలో చెంబెడు నీళ్లు నెమ్మదిగా పోసి వెనక్కి వెళ్తున్నాయో లేదో చూడండి. ఒకటి గుర్తుపెట్టుకో, వెనక భాగంలో కొంచెం నీళ్లు నిలిచి ఉండటం తప్పు కాదు, చాలా ఏసీల్లో వెనక ఫ్యాన్ అంచు ఆ నీళ్లని ఎత్తి వేడి కాయిల్ మీద చల్లుతుంది, దానికోసమే ఉంచుతారు. అందుకే వెనక నుంచి టపటపా శబ్దం వస్తుంది. ఆ శబ్దం విని కంగారుపడి ట్రేకి డ్రిల్లుతో కన్నం పెట్టేసినవాళ్లని చూశాను, కరెంటు బిల్లు పెరిగిందని తర్వాత లబోదిబోమన్నారు. కన్నం మాత్రం పెట్టించొద్దు.

మూసే ముందు సాయంత్రం దాకా అలాగే వదిలెయ్యండి, టేబుల్ ఫ్యాన్ పెట్టండి. ముట్టుకుంటే పొడిగా ఉందనిపించాక బిగించి, తలుపులు తెరిచి ఫ్యాన్ మోడ్ మీద గంటసేపు తిప్పండి, అప్పుడు కూలింగ్.

ఇప్పటినుంచి పొద్దున్నే లేవగానే ఏసీ ఆపేయకు. కూలింగ్ ఆపి ఉత్తి ఫ్యాన్ మీద అరగంట వదిలి, అప్పుడు ఆపు. కాయిల్ మీద తడి ఆరిపోతుంది, దీనికి ఖర్చయ్యే కరెంటు చాలా తక్కువ. పక్కన బయటి గాలి వచ్చే చిన్న మీట ఉంటుంది, వానల్లో మూసి ఉంచు. నీ గది పదీ పది, ఏసీ టన్నున్నర. గదికి అది పెద్దది, గబగబా చల్లబడిపోయి కంప్రెసర్ ఆగిపోతుంది, గాలిలో నెమ్ము మాత్రం అలాగే ఉంటుంది, పక్క తడిగా అనిపించేది అందుకే. పద్దెనిమిదిలో పెట్టకు, ఇరవై అయిదు, ఇరవై ఆరులో పెట్టుకుని పైన ఫ్యాన్ మెల్లగా తిప్పుకో. కార్తీకం వచ్చాక వాడకం ఆపేస్తావు కదా, ఆపే రోజు ఎండ ఉన్నప్పుడు రెండు గంటలు ఫ్యాన్ మీద తిప్పి, ఫిల్టర్ కడిగి, అప్పుడు మూత వేసుకో. నెలకోసారి తీసి టార్చి వెయ్యి.

ఇంతా చేశాక కూడా వాసన ఉందంటే వెనక భాగంలో ఉందన్నమాట, అది మీ వల్ల కాదు. టన్నున్నర ఏసీ దాదాపు యాభై కిలోలు ఉంటుంది, మేడ మీద కిటికీలోంచి లాగబోతే జారి వీధిలో పడుతుంది, మీ ఆయన మొండితనం నాకు తెలుసు, వద్దని చెప్పు. మెకానిక్‌ని పిలిచి, ఏసీ మొత్తం కిందికి దించి బ్లోయర్ విప్పి కడగాలి, కడిగాక బిగించే ముందు నాకు చూపించాలి అని రేటు మాట్లాడేటప్పుడే చెప్పు, పని అయ్యేదాకా అక్కడే ఉండు. గ్యాస్ తక్కువైంది నింపాలి అంటే మాత్రం చల్లదనం బాగానే ఉండగా ఎందుకని అడుగు, బూజుకీ గ్యాస్‌కీ సంబంధం లేదు. ఏసీ చుట్టూ గోడ కూడా నల్లబడి పెచ్చులూడుతుంటే ఆ గోడలోకి నీళ్లు దిగుతున్నాయి, ముందు ఓనరుకి చూపించు.

పిల్లాడికి ఏసీ ఆపాక కూడా వారం దాటి తుమ్ములూ దగ్గూ తగ్గకపోతే పిల్లల డాక్టర్‌కి చూపించు, బూజు సంగతి ఆయనకి చెప్పు. బ్లోయర్ తోమాక టార్చి వేసి ఇందాకటి చోటునుంచే ఫోటో తీసి పంపు. వెనక రెక్కలు కూడా కనపడాలి, తెలివిగా ముందు వైపే తీసి పంపావంటే నాకు తెలిసిపోతుంది.

ఉంటానమ్మా,
మీ పెద్ద మావయ్య, విజయనగరం