నాలుగో వారంలో ఆపకండి

ప్రశ్న: అమ్మకు 49 ఏళ్లు. ఏడాదిగా విరేచనంలో రక్తం పడుతుంటే మొలలనుకుని పసరు మందు వాడింది. కూర్చోలేని పరిస్థితి వచ్చాక పెద్దాస్పత్రికి తీసుకెళ్లాం. ముక్క పరీక్షలో మలద్వార క్యాన్సర్ అని తేలింది. గజ్జలో బిళ్ల కూడా ఉందన్నారు. ఆపరేషన్ వద్దు, ఆరు వారాలు కరెంటు (రేడియేషన్) పెట్టి, మధ్యలో కీమో ఇస్తామంటున్నారు. పొట్టకు సంచి పెడతారేమోనని అమ్మకు ఒకటే టెన్షన్. ముందు ముందు ఏ ఇబ్బందులు రావచ్చు?
– ఒక కూతురు, తెనాలి

జవాబు: ముందు సంచి సంగతి చెబుతానమ్మా. ఒకప్పుడు ఈ జబ్బుకు మలద్వారం మొత్తం తీసేసి, మలం అందులోకి వచ్చేలా జీవితాంతం పొట్టకు సంచి పెట్టేవారు. అమెరికాలో నార్మన్ నైగ్రో అనే సర్జన్, ఆపరేషన్‌కు ముందు గడ్డ కాస్త తగ్గుతుందని కరెంటు, కీమో కలిపి ఇచ్చారు. తర్వాత కోసి చూస్తే అక్కడ క్యాన్సరే లేదు. ఆ సంగతి 1974లో బయటపెట్టారు. మీ అమ్మగారికి ఇవ్వబోతున్నది ఆ దారిలో వచ్చిన చికిత్సే. ఇప్పుడు చాలామందికి సంచి అవసరం పడదు. గడ్డ దారి మూసేసినా, పక్కనున్న యోనిలోకి రంధ్రం పడినా ముందుగానే పెట్టాల్సి రావచ్చు. గడ్డ కరగకపోయినా, తిరిగి వచ్చినా అప్పుడు ఆపరేషన్, శాశ్వతంగా సంచి.

ఈ క్యాన్సర్ తరచూ ముందు గజ్జల బిళ్లల్లోకి పాకుతుంది. అందుకే కరెంటు అక్కడా పెడతారు. వదిలేస్తే కాలేయానికి, ఊపిరితిత్తులకు వెళ్తుంది. ఏడాదిగా రక్తం పోయింది కాబట్టి హిమోగ్లోబిన్ ఎంతుందో అడగండి.

ఇక నాలుగో వారం. రేడియేషన్ విభాగంలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను, ఈ జబ్బులో నాకు భయం ఆ వారమే, కరెంటుకు అక్కడి చర్మం పుండు పడేది అప్పుడే. ఒకామె రోజూ వచ్చేది, బెంచీ చివర ఒక పక్కకు ఒరిగి కూర్చునేది. "ఎలా ఉందమ్మా?" అంటే "బానే ఉంది మేడమ్" అనేది. ఉన్నట్టుండి తొమ్మిది రోజులు రాలేదు. మనిషిని పంపి పిలిపిస్తే, లంగా గుడ్డ పుండు పడిన చర్మానికి అతుక్కుపోయి ఉంది. గోరువెచ్చని నీళ్లు పోస్తూ దాన్ని విడదీయడానికి నర్సుకూ నాకూ అరగంట పట్టింది. ఆమెకు గడ్డ పూర్తిగా కరగలేదు, తర్వాత ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఆ తొమ్మిది రోజుల వల్లే అని చెప్పలేను. కానీ మధ్యలో ఆపితే మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్లీ పుంజుకుంటాయి. నలుగురు మగవాళ్లు కూర్చున్న వరండాలో అడిగితే ఆమె ఏం చెబుతుంది? అప్పట్నుంచీ తలుపు వేసి, చర్మం చూశాకే మాట్లాడుతున్నాను.

మీరూ రోజూ చూడండి. ఆ ఆరు వారాలూ లంగా, చీర వద్దు, వదులు కాటన్ నైటీ చాలు. రోజుకు రెండు మూడుసార్లు గోరువెచ్చని నీళ్ల టబ్బులో కూర్చోబెట్టి, మెత్తని గుడ్డతో అద్దండి, రుద్దకండి. పౌడరు, పసుపు, పసరు ఏదీ రాయకండి. విరేచనానికి వెళ్లాలంటేనే ఏడుపొచ్చేంత నొప్పి ఉంటే మాత్ర అడగండి, ఓర్చుకోవాల్సిన పని లేదు. కీమోతో తెల్ల రక్తకణాలు పడిపోతాయి కాబట్టి జ్వరం 100.4 దాటితే తెల్లారే దాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి.

తర్వాత నెలల్లో, ఏళ్లలో కొందరికి మలద్వారం ఇరుకవుతుంది, లేదా విరేచనం ఆపుకోలేరు, అప్పుడప్పుడు రక్తం పడవచ్చు. కటి ఎముకలు పెళుసవుతాయి. నెలసరి ఆగిపోతుంది. మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి: యోని కూడా ఇరుకవుతుంది. చర్మం మానాక డైలేటర్ అనే చిన్న పరికరం వాడితే అది చాలావరకు తగ్గుతుంది. ఎలా వాడాలో నర్సు చూపిస్తుంది. సంసారం అక్కర్లేదనుకున్నా, తర్వాత పరీక్షలకైనా ఇది అవసరం.

చుట్టాలు ఏవేవో అంటే పట్టించుకోకండి. ఎక్కువ మందిలో దీనికి మూలం హెచ్‌పీవీ వైరస్. పెళ్లయి కాపురం చేస్తున్నవాళ్లలో చాలామందికి అది ఎప్పుడో ఒకప్పుడు సోకేదే, నడవడికతో ముడిపెట్టడం అన్యాయం.

చికిత్స అయిపోయిన రోజు గడ్డ ఇంకా చేతికి తగిలితే బెంబేలెత్తకండి. ఇది నెమ్మదిగా కరుగుతుంది, కొందరికి మొదలైన నాటి నుంచి 26 వారాలు పడుతుంది. తగ్గుతూ ఉన్నంతకాలం ఆపరేషన్‌కు తొందరపడరు. పెరుగుతున్నట్టు అనిపిస్తే మాత్రం మళ్లీ రమ్మన్న తేదీ దాకా ఆగకుండా ఆ రోజే చూపించండి.