ప్యాకెట్ తిండి గొడవ: మా ఇంట్లో ఏం జరిగిందంటే

మీ బాబుకి 20 నెలలు, మీరిద్దరూ ఉద్యోగాలకి వెళ్తారు, దోసెల పిండి కొన్నా ఓట్స్ వండినా మీ అత్తగారు "ప్యాకెట్ తిండితో పిల్లాణ్ణి పాడు చేస్తున్నావ్" అంటున్నారు. ఏం పెట్టాలి, ఆవిడకి ఏం చెప్పాలి అని అడిగారు. మాది మియాపూర్, ఆఫీసు గచ్చిబౌలిలో. మావాడికిప్పుడు మూడేళ్ళు. ఏడాదిన్నర కిందట మా ఇంట్లో అచ్చం ఇదే నడిచింది కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

అప్పుడు మా అత్తమ్మ, మామయ్య వరంగల్ నుంచి వచ్చి మాతోనే ఉన్నారు. ఒక ఆదివారం చుట్టాలొచ్చారు. మంచినీళ్ళ కోసం ఫ్రిజ్ తెరిచిన మా పెద్దాడబిడ్డకి పై అరలో ఇడ్లీ పిండి ప్యాకెట్లు రెండు కనబడ్డాయి. ఏమీ అనలేదు. ఫ్రిజ్ తలుపు అలాగే పట్టుకుని వాళ్ళమ్మ వైపు చూసింది, అంతే. అత్తమ్మ అందుకున్నారు: "గీ కొన్న పిండి తింటే పిల్లగాడు ఒళ్ళెట్ల చేస్తడు? వీళ్ళందర్నీ నేను మక్క గట్క పెట్టి పెంచిన." (గట్క అంటే మొక్కజొన్న రవ్వ ఉడికించి చేసేది.) నేను వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమడం మొదలుపెట్టాను. పనామె పొద్దున్నే తోమి బోర్లించి వెళ్ళిన గిన్నెలు.

ఆ రాత్రి ఇంట్లో ఉన్న ప్రతి ప్యాకెట్టూ తిరగేసి చదివాను. గెలవాలనే చదివాను, దాపరికం ఎందుకు. పిండి ప్యాకెట్ మీద బియ్యం, మినప్పప్పు, నీళ్ళు, ఉప్పు. ఫ్రీజర్లోని బఠాణీల్లో బఠాణీలే. ఓట్స్‌లో ఓట్సే. చివరికి నేను ఎంతో నమ్మి తెచ్చిన పిల్లల సిరియల్ డబ్బా చేతిలోకి తీసుకున్నాను. పదార్థాల వరుసలో మూడో పేరు చక్కెర! ఆ వరుసలో బరువు ఎక్కువున్నది ముందు, తక్కువున్నది తర్వాత రాస్తారు. డబ్బా మీద బొమ్మలో ఉన్న పండ్లు మాత్రం ఎక్కడో చివర, పొడి రూపంలో. రెండేళ్ళ లోపు పిల్లలకి విడిగా చక్కెర వద్దని మా డాక్టరుగారు ముందే చెప్పి ఉన్నారు. అంటే అత్తమ్మ తిట్టిన ప్యాకెట్టు మంచిదే, ఆవిడ కంట పడని డబ్బాయే తిట్టాల్సింది. దాన్ని తెచ్చింది నేను. ఆ సంగతి ఆవిడ దగ్గర ఒప్పుకోవడానికి నాకు నెల పట్టింది.

ఇంట్లో వండిందే పెట్టాలన్న ఆవిడ మాట తీసిపారేసేదేమీ కాదు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఆరు నెలలు నిండగానే ఇంట్లో చేసిన మెత్తటి తిండి మొదలుపెట్టమనే ఉంది. కానీ ప్యాకెట్ కనబడితే చాలు తప్పంటే ఎలా? అంగన్‌వాడీలో 7 నెలల నుంచి 3 ఏళ్ళ పిల్లలకి నెలకి 2.5 కిలోలు ఇచ్చే బాలామృతం కూడా ప్యాకెట్టే. వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, నూనె, చక్కెర. (చక్కెర అందులోనూ ఉంది, చూశారా.)

ఇక అసలు విషయం. 18 నెలల టీకాకి తీసుకెళ్ళినప్పుడు డాక్టరుగారు వాడి కనురెప్ప కిందికి లాగి చూసి రక్తపరీక్ష రాశారు. హిమోగ్లోబిన్ 9.2, అంటే రక్తం తక్కువ. నా గుండె జారిపోయింది. అత్తమ్మ అన్నది నిజమేనా అనుకున్నా. ఆయన ప్యాకెట్ల గురించి అడగనే లేదు. "పాలు ఎన్ని తాగుతాడు?" అన్నారు. 240 మిల్లీలీటర్ల సీసా, రోజుకి నాలుగు సార్లు. అన్నం తినకపోతే సీసా, ఏడిస్తే సీసా, పడుకునే ముందు సీసా. మేమందరం కలిసి దాదాపు లీటరు తాగిస్తున్నాం. రక్తం పట్టాలంటే ఐరన్ కావాలి, పాలల్లో అది లేనట్టే లెక్క. పైగా కడుపు నిండిపోయి పప్పూ గుడ్డూ లోపలికి పోవు, పోయిన కాస్త ఐరన్‌నీ పాలల్లోని కాల్షియం సరిగ్గా ఒంటబట్టనివ్వదు. రోజుకి 400 నుంచి 500 మిల్లీలీటర్లు దాటొద్దన్నారు, అదీ గ్లాసులో. ఐరన్ చుక్కలు రాసిచ్చారు. ఇంకోటి కూడా బయటపడింది: మామయ్య రోజూ సాయంత్రం ఉస్మానియా బిస్కెట్ టీలో ముంచి మనవడి నోట్లో పెట్టేవారు. టీ కూడా ఐరన్‌కి శత్రువేనట. ఇన్నాళ్ళూ గొడవపడ్డది పిండి ప్యాకెట్ మీద, పాల జోలికి ఒక్కరమూ పోలేదు.

అదృష్టం ఏంటంటే ఆ రోజు అత్తమ్మ కూడా వచ్చారు. డాక్టరుగారు ఆవిడతోనే నేరుగా చెప్పారు. అదే మాట నేను ఇంటికొచ్చి చెప్పుంటే మళ్ళీ యుద్ధమే. తిరిగొస్తుంటే ఆటోలో ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అన్నారు: "మరి పొద్దుగాల ఏం పెడ్దాం?" పెడ్దాం అన్నారు, పెడ్తవ్ అనలేదు.

ఆ తర్వాత ఉగ్గు పని ఆవిడదే. కప్పు బియ్యం, అరకప్పు పెసరపప్పు, గుప్పెడు శనగపప్పు, కాస్త జీలకర్ర. కడిగి, ఆరబెట్టి, దోరగా వేయించి గిర్నీలో రవ్వలా పట్టించేవారు. పొద్దున అది ఉడికించి నెయ్యి వేసి పెట్టేవాళ్ళం. సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి ఏడున్నర, ఆ టైంలో కొన్న పిండే నాకు దిక్కు. అందులో రాగిపిండి కలిపి, క్యారెట్ తురిమి వేసి చిన్న చిన్న దోసెలు. లేదంటే బఠాణీలు మెదిపి వేసిన కిచిడీ. ఆదివారం పాలకూర పప్పు మెత్తగా ఉడికించి ఐస్ ట్రేలో పోసి ఫ్రీజర్లో పెడతాను. రెండు ముక్కలు తీసి బాగా మరిగేదాకా వేడి చేసి, నిమ్మకాయ పిండి, అన్నంలో కలిపితే పది నిమిషాల్లో పూట గడుస్తుంది. ఆ నిమ్మరసం రుచి కోసమే కాదు, ఆకుకూరలో ఐరన్ ఒంటబట్టడానికి కూడా. రోజుకో గుడ్డు. ఆదివారం కీమా, వాడికి కారం లేకుండా విడిగా తీసి. పల్లీలు మాత్రం పొడి చేసే పెట్టండి, గింజలుగా పెడితే గొంతుకి అడ్డం పడతాయి.

"తింటలేడు, చిక్కిపోయిండు" అన్న మాట కూడా వినే ఉంటారు. మొదటి ఏడాదిలో పుట్టినప్పటి బరువుకి మూడింతలవుతారు, రెండో ఏడాది మొత్తం కలిపి పెరిగేది సుమారు రెండున్నర కిలోలే. ఆకలి తగ్గడం సహజం. టీకా పుస్తకంలో గ్రాఫ్ ఉంటుంది, గీత వెంట పోతుంటే ఫోన్ చూపించి, వెంటపడి కుక్కక్కర్లేదు. మేం కింద చాప వేసి కూర్చోబెట్టి వాడి చేతికే ఇచ్చేశాం. సగం నేలపాలు, తుడుచుకోక తప్పదు.

మూడు నెలలకి హిమోగ్లోబిన్ 11.4కి వచ్చింది. ఆ మధ్య మళ్ళీ వచ్చిన ఆడబిడ్డ ఫ్రిజ్ తెరిస్తే అత్తమ్మే అన్నారు, "అండ్ల బియ్యం, మినప్పప్పే ఉన్నయ్, నేను చదివిపిచ్చుకున్న" అని.

మీరు రాసినదాంట్లో పిండి ఉంది, ఓట్స్ ఉన్నాయి, బాబు రోజుకి ఎన్ని పాలు తాగుతున్నాడో మాత్రం లేదు. రేపు ఒక్కరోజు సీసా మీద గీతలు చూసి లెక్కపెట్టండి. అర లీటరు దాటితే ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ అంకె చెప్పండి, మీ అత్తగారినీ వెంట తీసుకెళ్ళండి.