రింగు పక్కన పెట్టండి, చుక్కను వేలాడదీయండి

ప్రశ్న: కరిగించిన పాలీప్రొపిలీన్ తలతన్యత కొలవడానికి మా ల్యాబ్‌లో ఉన్న ప్లాటినం రింగుతో 200 డిగ్రీల దగ్గర కుస్తీ పడుతున్నాను. ఒకసారి మీటరుకు 27 మిల్లీన్యూటన్లు వస్తే ఇంకోసారి 35 వస్తోంది. ప్రాజెక్టు గడువు దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఓ ఎం.టెక్. విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: ముందు ఆ రింగు కడిగి బీరువాలో పెట్టేయండి. నీళ్లకీ పల్చటి నూనెలకీ అది బాగానే పనికొస్తుంది గానీ, కరిగిన ప్లాస్టిక్‌లోంచి పైకి లాగితే తీగపాకంలో గరిటె ఎత్తినట్టు సాగుతూ వస్తుంది, ఇక మీటరు చూపించే బలంలో తలతన్యత వాటా ఎంతో, చిక్కదనం వాటా ఎంతో తేల్చడం ఎవరి తరమూ కాదు. లాగే వేగం కాస్త మారినా అంకె మారిపోతుంది.

మీకు కావాల్సింది పెండెంట్ డ్రాప్ పద్ధతి. పరికరంలోని వేడి అరలో సూది చివర కరిగిన ప్లాస్టిక్ చుక్క వేలాడుతుంటే బరువు దాన్ని కిందికి లాగుతుంది, తలతన్యత గుండ్రంగా బిగించాలని చూస్తుంది, ఆ లాగులాటలో తేలిన ఆకారాన్ని వెనక లైటు పెట్టి ఫొటో తీసి లెక్కకడతారు. (1883లో బాష్‌ఫోర్త్, ఆడమ్స్ ఈ ఆకారాలకి పట్టికలే తయారుచేశారు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ క్షణంలో తేల్చేస్తుంది, దాన్ని గుడ్డిగా నమ్మేవాళ్లూ ఎక్కువయ్యారు.) చుక్క మరీ చిన్నదైతే బంతిలా ఉండిపోతుంది, దాన్నుంచి వచ్చే అంకెకి విలువ లేదు. బేరిపండు ఆకారం వచ్చేంత పెద్దదిగా ఉండాలి.

చుక్క నిలకడకి వచ్చిందో లేదో సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. చిక్కటి గ్రేడైతే చాలాసేపు మెల్లగా జారుతూనే ఉంటుంది. అందుకే వరసగా ఫొటోలు తీసి, కాలంతో పాటు అంకె ఎలా మారుతోందో గ్రాఫ్ గీయండి, గీత చదునయ్యాకే రాసుకోండి. చదునయ్యాక మళ్లీ కదలడం మొదలైనా, చుక్క పసుపెక్కినా ప్లాస్టిక్ పాడవుతున్నట్టే. అందుకే ఆ అరలో గాలికి బదులు నైట్రోజన్ తప్పనిసరి. మెల్ట్ ఫ్లో ఇండెక్స్ (కరిగాక ఎంత తేలిగ్గా పారుతుందో చెప్పే అంకె) ఎక్కువున్న గ్రేడు దొరికితే అదే వాడండి, త్వరగా స్థిరపడుతుంది, అణుభారం ఆ మాత్రం తగ్గినందుకు తలతన్యత పెద్దగా మారదు.

ఇక అసలు దెబ్బ కొట్టేది సాంద్రత. చుక్క ఆకారం ఇచ్చేది తలతన్యతకీ సాంద్రతకీ ఉన్న నిష్పత్తినే, కాబట్టి సాంద్రత ఎంత తప్పితే జవాబూ అంతే తప్పుతుంది. గట్టి పాలీప్రొపిలీన్‌కి ఘన సెంటీమీటరుకు 0.90 గ్రాములని డేటాషీట్‌లో ఉంటుంది, చాలామంది సాఫ్ట్‌వేర్‌లో అదే టైపు చేసేస్తారు. 200 డిగ్రీల దగ్గర కరిగినదానికి అది దాదాపు 0.75 మాత్రమే. అంటే జవాబు ఐదో వంతు పెరిగిపోతుంది! ఫొటో స్కేలు కూడా చూసుకోండి, పొడవులో ఒక శాతం తప్పితే జవాబులో రెండు శాతం పోతుంది. ముందుగా గది ఉష్ణోగ్రతలో శుభ్రమైన నీటి చుక్కతో సరిచూసుకోండి, 20 డిగ్రీలకి 72.8 రావాలి.

అన్నీ కుదిరితే మీకు మీటరుకు 20 మిల్లీన్యూటన్ల చుట్టుపక్కల రావాలి, డిగ్రీ పెరిగేకొద్దీ సుమారు 0.06 తగ్గాలి. 24 వచ్చిందా, సాంద్రత గడిలో ఏం కొట్టారో చూడండి.