చుక్కాని ఎవరు పట్టుకున్నారు?

అమ్మాయికి ఆశీస్సులు.

తాళ్లరేవు నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. ‘బౌంటీ’ అనే ఓడలో జరిగిన తిరుగుబాటు మీద 1935లో తీసిన సినిమా ‘మ్యూటినీ ఆన్ ది బౌంటీ’ మొదటిసారి చూసిన సంగతి రాశావు. మొదటి పేజీ బాగుంది. రెండో పేజీలో ‘బౌంటీ ఎదురుగాలిని చీల్చుకుంటూ బాణంలా దూసుకుపోయింది’ అన్నావు. అక్కడ నాకు కోపం వచ్చింది.

అలాంటి ఓడ ఎదురుగాలికి పోలేదమ్మా. మూడు తెరచాప కొయ్యలకి అడ్డదూలాలు కట్టి, వాటికి నలుపలకల చాపలు వేలాడదీసిన ఓడ అది. గాలి వచ్చే దిక్కుకి సుమారు 65 డిగ్రీల కంటే దగ్గరగా ముక్కు తిప్పితే చాపలు నిండవు, రెపరెపలాడతాయి. ఇంకా తిప్పితే గాలి ముందునుంచి కొట్టి చాపల్ని కొయ్యలకి అదిమేస్తుంది, ఓడ వెనక్కి నడుస్తుంది. అందుకే కాసేపు కుడికి, కాసేపు ఎడమకి ఏటవాలుగా పోవాలి. మలుపు దగ్గరే అసలు పని. ముందు వేగం ఉండాలి. అప్పుడు చుక్కాని తిప్పాలి. ముక్కు గాలిని దాటే వేళకి వెనక కొయ్యల దూలాల్ని మోకులతో లాగి తిప్పేస్తారు, ముందు కొయ్యవి చివరిదాకా ఆపుతారు. ఆ చాపకి ఎదురు తగిలే గాలే ముక్కుని అవతలికి నెడుతుంది. వేగం చాలకపోతే మలుపు సగంలో ఓడ గాలికి మొహం పెట్టి నిలబడిపోతుంది. మన కాలవల్లో పడవలవాళ్లకి ఇదంతా ఒకరు చెప్పక్కర్లేదు. వాటంగా ఉంటే చాప ఎత్తేవాళ్లు, ఎదురైతే దించేసి, తాడు భుజాన వేసుకుని గట్టుమీద నడిచి లాగేవాళ్లు.

ఇవన్నీ రాస్తే పాఠకుడికి బరువంటూ కొట్టేసే సంపాదకులున్నారు. మోకులు తీసేసి అనుభూతి ఉంచుతారు. అందుకే మన కథల్లో సముద్రమంటే నురగ, హోరు, ఒంటరితనం, అంతే. వాళ్ల మాట వినకు.

తిరుగుబాటు తర్వాత ఓడ కెప్టెన్ బ్లైని, అతని వెంట ఉన్నవాళ్లని చిన్న పడవలోకి దించేసిన ఘట్టాన్ని నువ్వు ‘అసాధ్యమైన సాహసం’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. 23 అడుగుల పడవ, 19 మంది. నీటికి అంచు జానెడు ఎత్తు కూడా లేదు. 1789 ఏప్రిల్ 28న బయల్దేరి జూన్ 14కి టిమోర్ దీవి చేరారు, 3,600 నాటికల్ మైళ్లకి పైనే. ఎలా చేరారు? అక్కడ ఆగ్నేయం నుంచి నిలకడగా వీచే గాలి ఉంది, టిమోర్ పడమట ఉంది. గాలి వీపున కొట్టింది కాబట్టి పోగలిగారు. వెనక్కి తహితి దీవికి పోదామనుకుంటే దారిలోనే ప్రాణాలు పోయేవి. రొట్టె పంచడానికి బ్లై రెండు కొబ్బరిచిప్పలతో త్రాసు కట్టాడు. రాయి బదులు పిస్తోలు గుండు. 25 గుండ్లు ఒక పౌను, అంటే గుండు 18 గ్రాములు. పూటకి మనిషికి ఆ ఒక్క గుండెత్తు రొట్టె. కోనసీమ పక్కన కూర్చుని, కొబ్బరిచిప్ప నీ చేతికి దొరికే చోటునుంచి రాస్తూ, ఆ సంగతి వదిలేస్తావా?

ఇంకొకటి. తిరుగుబాటుదార్లని వెతకడానికి ‘పాండోరా’ అనే ఓడ మీద బ్లై స్వయంగా వచ్చినట్టు సినిమాలో చూపించారు. నిజానికి ఆ ఓడ కెప్టెన్ ఎడ్వర్డ్ ఎడ్వర్డ్స్, బ్లై అందులో లేడు. సినిమాని చరిత్రగా రాయకు. 1789 మాట వచ్చింది గనక చెబుతున్నా, అదే ఏడు డిసెంబరులో మీ పక్కనున్న కోరంగిని ఉప్పెన ముంచింది.

ఇక నన్ను నిలబెట్టేసిన వాక్యం. సినిమాలో తుపానుకి ఓడ ఊగుతుంటే మీ తాతగారు ‘చుక్కాని ఎవరు పట్టుకున్నారే?’ అని అడిగారని రాశావు. ఆయన ఓడలు కట్టిన వడ్రంగి అని పక్కనే చిన్న ముక్క. అంతటితో ఆయన్ని వదిలేసి బ్లై వేషం వేసిన లాఫ్టన్ నటన మీద రెండు పేజీలు నింపావు! ఆ రెండు పేజీలూ తీసేయి. సినిమా మళ్లీ పెట్టి ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకో. ఓడ పక్కకి ఒరిగిన ప్రతిచోటా ఆపి, ఏ పలక మీద బరువు పడుతుందో అడుగు. పలకల సందుల్లో ఏం కూరేవారో, ఎండకి విచ్చిన సందు నీళ్లలో దిగాక చెక్క ఉబ్బి ఎన్నాళ్లకి మూసుకునేదో అడుగు. కొత్త ఓడని నీళ్లలోకి దించడానికి అమావాస్య, పున్నమి పోటుకే ఎందుకు చూసుకుంటారో, పోటు తప్పితే ఏమయ్యేదో అడుగు. ఆయన వాడిన మాటే రాయి, నిఘంటువు మాట వద్దు.

ఏ పత్రికకి పంపాలని అడిగావు. ముందు ఆయన చెప్పింది రాసి నాకు పంపు.