ఊరినీ పిలిచి చదివించే పుస్తకం: మా చెల్లెలి కూతురికి ఉత్తరం

చి.సౌ. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ యూనివర్సిటీలో కామన్ రీడింగ్ కమిటీ పని, అదే, క్యాంపస్ అంతా కలిసి చదివే ఒక పుస్తకాన్ని ఎంచి చర్చలు పెట్టించే పని, నీ నెత్తిన పెట్టారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాలేదు, కాదంటే బాగుండదని ఒప్పుకుని ఉంటావు. పర్వాలేదు, మంచి పనే. ఇక్కడ విస్కాన్సిన్‌లో పబ్లిక్ లైబ్రరీ కౌంటర్ వెనక కూర్చుని ఈ వ్యవహారమంతా ఏళ్ల తరబడి చూశాను కాబట్టి, నువ్వు అడక్కపోయినా చెప్తున్నాను.

మొదటి మీటింగ్‌కి ఎవరికి నచ్చిన పుస్తకం వాళ్లు చంకలో పెట్టుకుని వస్తారు. ఏది గొప్పదని వాదించుకుంటారు. నువ్వు మాత్రం "దీని గురించి ఊళ్లో ఎవరికి మాట్లాడాలనిపిస్తుంది?" అని అడుగు. క్యాంపస్‌లో అందరూ ముందే తలూపేసే పుస్తకమైతే దానికి ఊరిని పిలవడం దేనికి?

మా రాష్ట్ర రాజధాని మాడిసన్ సంగతి నీకు తెలియాలి. అక్కడి యూనివర్సిటీ 2009లో 'గో బిగ్ రీడ్' మొదలుపెట్టింది, అప్పటి చాన్స్‌లర్ బిడ్డీ మార్టిన్ పూనుకుని. మొదటి పుస్తకం మైకేల్ పోలన్ రాసిన 'ఇన్ డిఫెన్స్ ఆఫ్ ఫుడ్'. ఫ్యాక్టరీ తిండి మీద, దాని వెనకున్న వ్యవసాయ పద్ధతుల మీద విమర్శ అది. విస్కాన్సిన్ అంటేనే పాలూ చీజూ. కారు నంబర్ ప్లేట్ మీద కూడా 'అమెరికాస్ డెయిరీలాండ్' అని ఉంటుంది. రైతులకు ఒళ్లు మండింది. పోలన్ మాట్లాడే రోజున, బాస్కెట్‌బాల్ ఆడే కోల్ సెంటర్‌లో వేలమంది చేరితే, వాళ్ల మధ్య రైతుల పక్షం నినాదాలున్న టీషర్టులు వేసుకుని రైతులూ వ్యవసాయ విద్యార్థులూ కూర్చున్నారు. అబ్బే, రచ్చయిపోయిందన్నవాళ్లూ ఉన్నారు. నన్నడిగితే ఆ కార్యక్రమం నెగ్గిందే అక్కడ. పాడిరైతు కోపంగానైనా సరే పుస్తకం పట్టుకుని క్యాంపస్ లోపలికి వచ్చాడంటే ఇంకేం కావాలి?

మా లైబ్రరీలో ఆ పుస్తకం మీద జరిగిన చర్చకీ ఒక రైతు వచ్చాడు. పుస్తకం నిండా పెన్సిల్ గీతలు, పేజీల మధ్య గుర్తుకు దాణా కొన్న రసీదులు. ఒక పేజీ తెరిచి "ఇది నేనొప్పుకోను" అన్నాడు. క్యాంపస్ నుంచి వచ్చిన ప్రొఫెసర్ గారు టక్కున అందుకుని, ఎందుకు ఒప్పుకోవాలో పాఠం మొదలెట్టారు. ఆయన చెప్పుకుపోతుంటే ఈ రైతు ఒక్కొక్క రసీదూ తీసి చొక్కా జేబులో పెట్టుకుంటున్నాడు. పక్కనున్న నర్సు ఒకావిడ "ఏదీ, ఆ పేజీ పైకి చదవండి, విందాం" అనకపోతే లేచి వెళ్లిపోయేవాడే. చదివాడు. ఆ తర్వాత పాల ధర గురించి అతను చెప్పింది ఆ గదిలో చాలామందికి కొత్త.

అందుకే చర్చ నడిపేవాళ్లను ఎంచేటప్పుడు ఎవరికెంత తెలుసని చూడకు, ఎవరు నోరు అదుపులో పెట్టుకుని వినగలరో చూడు. "అందరూ చదివారా?" అని అస్సలు మొదలెట్టొద్దు, సగమే చదివినవాళ్లు సిగ్గుపడి ఇక నోరెత్తరు. ఒక పేరా పైకి చదివించు. చదవనివాళ్లూ కలుస్తారు.

కోపం తెప్పించే పుస్తకమే వెతకమని కాదు. 2016లో మాడిసన్ వాళ్లు 'ఎవిక్టెడ్' తీసుకున్నారు. మా రాష్ట్రంలోనే ఉన్న మిల్వాకీ ఊళ్లో అద్దె కట్టలేక ఇళ్లు ఖాళీ చేయాల్సి వచ్చినవాళ్ల గురించి. రాసిన మాథ్యూ డెస్మండ్ మాడిసన్‌లోనే పీహెచ్‌డీ చేశాడు. అద్దె కట్టే కుర్రాళ్లూ, అద్దెకిచ్చే ఓనర్లూ ఒకే ఊళ్లో ఉంటారు కదా, ఇద్దరికీ మాట్లాడటానికి ఉంటుంది.

గొడవ పెద్దదైతే ఏం చేయాలో కూడా ముందే అనుకోండి. 2002లో చాపెల్ హిల్‌లో నార్త్ కరోలినా యూనివర్సిటీ కొత్త విద్యార్థులకు ఖురాన్ తొలి సూరాల (అధ్యాయాల) మీద ఒక పుస్తకం ఇచ్చింది. సెప్టెంబర్ 11 దాడులు జరిగి ఇంకా ఏడాది నిండలేదు. అది నచ్చనివాళ్లు కోర్టుకెక్కారు, కోర్టు ఆపలేదు. చదవడం ఇష్టం లేనివాళ్లను ఎందుకు చదవడం లేదో ఒక పేజీ రాయమన్నారు. ఆ ఉపాయం నాకు భలే నచ్చింది.

ఊరంతా ఒకే పుస్తకం చదవడం 1998లో సియాటిల్ పబ్లిక్ లైబ్రరీలో మొదలైంది, నాన్సీ పెర్ల్ అనే లైబ్రేరియన్ చొరవతో. కాబట్టి మీ ఊరి లైబ్రరీవాళ్ల పేరు పోస్టర్ మీద వేసి సరిపెట్టకు, కమిటీలోనే కూర్చోబెట్టు. ఆడియో ఉందా, పెద్దక్షరాల ప్రతి ఉందా, స్పానిష్‌లో దొరుకుతుందా అని వాళ్లే ముందు అడుగుతారు.

మీటింగులన్నీ క్యాంపస్‌లో పెట్టకు. నీకు తెలియందేముంది, సాయంత్రం పూట అక్కడ పార్కింగ్ దొరకడం గగనం. ఊరివాళ్లు రెండు చుట్లు తిరిగి ఇంటికి వెళ్లిపోతారు. చర్చి హాలు, వృద్ధుల సెంటర్, బ్రాంచ్ లైబ్రరీ, ఎక్కడైనా సరే. 1935లో మన గుంటూరు వైపు, గ్రంథాలయోద్యమం నడిపిన పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలువ మీద పడవలో పుస్తకాలు పంపించారు. మీకు కార్లున్నాయి.

ఇక డబ్బు. రచయితను పిలిస్తే ఒక్కోసారి పుస్తకాల ఖర్చు కంటే ఆయన ఫీజే ఎక్కువవుతుంది. పుస్తకం ఖాయం చేయకముందే కనుక్కో. వచ్చే ఆగస్టుకు పుస్తకం పిల్లల చేతికి రావాలంటే ఈ చలికాలంలోనే తేల్చేయండి. టీచర్లు సిలబస్ రాసుకోకముందే వాళ్లను పట్టుకోవాలి. ఏ క్లాసులోనూ దాని ఊసు రాకపోతే ఆ పుస్తకం హాస్టల్ గదిలో కాఫీ కప్పు కింద ఉంటుంది. ఉచితంగా ఇచ్చిన పుస్తకాల సంగతి నాకు తెలుసు, మా బుక్ సేల్‌కి అట్ట కూడా మడతపడకుండా వచ్చేవి.

జాబితా మూడు పుస్తకాలకు దిగాక నాకు పంపు. చదివి, నచ్చనిది నచ్చలేదనే చెప్తాను. మీ ఆయన్నీ పిల్లాడినీ అడిగానని చెప్పు.

మీ పెద్దమ్మ