పన్నెండేళ్లుగా పత్తి... మట్టిలో కర్బనం పెరగాలంటే?

ప్రశ్న: మాది ఆదిలాబాద్ జిల్లా. ఐదెకరాల నల్లరేగడి, వర్షాధారం. పన్నెండేళ్లుగా పత్తే వేస్తున్నాం. భూసార పరీక్షలో సేంద్రియ కర్బనం 0.32 శాతం, ‘తక్కువ’ అని వచ్చింది. ఎరువులు బాగానే వేస్తున్నా ఇలా ఎందుకైంది? పంట మారిస్తే పెరుగుతుందా?

జవాబు: యూరియా, డీఏపీ బస్తాలు మట్టిలో కర్బనాన్ని నింపవండి. నింపేది రాలిన ఆకు, కుళ్లిన వేరు, పశువుల ఎరువు. పత్తి తీసి అమ్మేస్తాం, కట్టె పీకి కాల్చేస్తాం. ఆపైన ఎండాకాలం దుక్కులు. మట్టి తిరగబడి గాలి తగిలినకొద్దీ ఉన్న కాస్త కర్బనాన్నీ సూక్ష్మజీవులు తినేస్తాయి. అంటే పన్నెండేళ్లుగా ఖర్చే తప్ప జమ లేదు.

పంట మారిస్తే తప్పకుండా తేడా వస్తుంది. నేనైతే ముందు కందినే ఎంచుకుంటాను. కోతకు ముందు కంది సాళ్ల మధ్య నడిచి చూడండి, కాళ్ల కింద ఎండాకు గలగలమంటుంది. ఆ ఆకంతా మీ చేనుకే. వేరు కూడా లోతుకు పోయి, దుక్కి తగలని చోట కర్బనం దాస్తుంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో 1976 నుంచి నల్లరేగడిలో నడుస్తున్న ప్రయోగంలో, వానాకాలం ఖాళీగా ఉంచిన భూమి కన్నా కంది కలిపి సాగుచేసి ఎరువులు, నీటి యాజమాన్యం పాటించిన భూమిలో హెక్టారుకు ఏటా సుమారు 3 క్వింటాళ్ల కర్బనం ఎక్కువ చేరింది.

ఐదెకరాల్లో ఒక్కసారిగా పత్తి మానమని చెప్పను, ఇల్లు గడవాలి కదా. ఈ వానాకాలం రెండెకరాల్లో సోయా, కంది వేయండి. ఏడు సాళ్ల సోయాకు ఒక కంది సాలు చాలు. మిగతా పత్తిలోనూ కంది సాళ్లు పెట్టండి. ఏటా ఈ పంటలు వేసే చేను ముక్కను మార్చుకుంటూ పోండి.

పత్తి కట్టెను మాత్రం దయచేసి కాల్చకండి. కాయలు తొలిచే గులాబీ రంగు పురుగు భయంతో కాలుస్తున్నారని తెలుసు. పంట అయిపోగానే కట్టెను తరిగే యంత్రం ష్రెడ్డర్‌తో ముక్కలు చేసి మట్టిలో కలిపితే పురుగుకూ ఆశ్రయం ఉండదు. కట్టె చివికేటప్పుడు నత్రజనిని లాక్కుంటుంది, కాబట్టి తర్వాతి పైరు పసుపుబారితే మొదటి దఫా యూరియా ఆలస్యం చేయకండి.

‘తక్కువ’ దాటాలంటే 0.5 శాతం ఉండాలి. ఎకరం పైమట్టిలో 0.32 నుంచి అక్కడికి రావాలంటే 16 క్వింటాళ్ల కర్బనం నిలవాలి. వేసిన చెత్తలో చాలాభాగం గాలిలో కలిసిపోతుంది కనుక ఏళ్లు పడుతుంది, రెండేళ్లలో రాలేదని నిరాశపడొద్దు. మూడేళ్ల తర్వాత అవే చోట్ల, వేసవిలోనే, అదే 15 సెంటీమీటర్ల లోతున మట్టి తీసి మళ్లీ పరీక్ష చేయించండి.